పిన్నమ్మ తీసిన మొదటి గరిటె

మొన్న కావలి స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, కాషాయం కట్టిన ఒక బౌద్ధ భిక్షువు నల్లటి పాత్రను చంకన పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నడిచిపోయాడు. పక్కనున్నవాళ్లు ఏ దేశమాయనో అనుకుంటుంటే, నాకు మాత్రం ముత్తుకూరులో మా పిన్నమ్మ గుర్తొచ్చి, ఎక్కాల్సిన రైలు వచ్చి నిలబడిన సంగతి కూడా కాసేపు తెలియలేదు.

మా చిన్నాయన కుర్రతనంలోనే రంగూనుకు బియ్యం మిల్లులో పనికి పోయి, అక్కడి బర్మా పిల్లను పెళ్లి చేసుకున్నాడు. అరవైల్లో మనవాళ్లు అక్కణ్నుంచి ఓడలెక్కి వచ్చేసిన రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలా వచ్చిన చిన్నాయన, పిన్నమ్మ, ఇంకో మూడు కుటుంబాలవాళ్లు ఊరి బయట ఉప్పు మడుల పక్కన తాటాకు గుడిసెలు వేసుకున్నారు. కులం కానిదాన్ని, దేవుడు వేరైనదాన్ని కట్టుకొచ్చిన కొడుకు తనకు లేడన్నది మా అవ్వ. స్కూలు ఫైనలు తప్పి ఇంటిపట్టున ఉన్న నేను, తెల్లవారి అవ్వ పాలు పితికే వేళ చూసి అటు జారుకునేదాన్ని.

ఆ నాలుగు కుటుంబాలదీ బుద్ధుడి మతం. రంగూనులో పొద్దున్నే భిక్షువులు వీధిలో బారుగా వస్తారట, ఇల్లాలు వండిన అన్నంలో మొదటి గరిటె వాళ్ల పాత్రలో వేశాకే ఇంట్లోవాళ్లు తింటారట. ముత్తుకూరులో భిక్షువులెక్కడ? అయినా వాళ్లు మానలేదు. వంతులు వేసుకుని రోజుకొక ఇల్లాలు వేడన్నం పట్టుకుని దారిలో నిలబడి, చేపల గంపతో పోయే ముసలమ్మో, అత్తరు అమ్ముకునే సాయిబో, ఎవరు ముందు ఎదురైతే వాళ్లకు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా అందించేది. వాళ్లు దండం పెట్టబోతే తనే ముందు పెట్టేది. మిగిలినవాళ్లు చుట్టూ చేరి "సాధు, సాధు, సాధు" అనేవాళ్లు; ఒకరు ఇస్తుంటే చూసి సంతోషించినవాళ్లకూ ఆ పుణ్యంలో పాలుంటుందని పిన్నమ్మ వచ్చీరాని తెలుగులో నాకు చెప్పింది. గంజి కాచుకున్న రోజున గంజే ఇచ్చేది.

ఒక కార్తీకంలో గాలివాన కొట్టి గుడిసెలు లేచిపోయాయి. వాళ్లంతా ఉప్పు కొట్టు గోడ చాటున తడుస్తూ ఉన్నారని, రెండు రోజులుగా పొయ్యి వెలగలేదని తెలిసింది. అవ్వ గుండిగ నిండా అన్నం వండి, పులుసు కుండ నా నెత్తిన పెట్టి, "పదమ్మే, వాడు నా కడుపున పుట్టినోడే గదా" అంటూ మోకాటి లోతు నీళ్లలో బయల్దేరింది. ఆ దిగులుతో తనూ ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

అన్నం చూడగానే పిల్లలు చేతులు చాపారు. పిన్నమ్మ వాళ్లను ఆగమని, ఒక బాదమాకు కడిగి, మొదటి గరిటె అందులో వేసి, బురదలో మోకాళ్లూని అవ్వ ముందుకు చాచింది.

"ఇదేందిది? నేను తెచ్చింది నాకే పెడతావా?" అన్నది అవ్వ.

"మీరు ఇచ్చినారు, ఇప్పుడు మాది. ముందు ఇవ్వాల, తర్వాత తినాల. తీసుకోండి అత్తమ్మా, పిల్లలు ఆకలి."

"తీసుకోమ్మా," అన్నాడు చిన్నాయన తల ఎత్తకుండా.

బంధువుల ఇళ్లలో కూడా ఆచితూచి భోజనానికి చెయ్యి కడిగే మనిషి మా అవ్వ. ఆ ఆకు వంక, కోడలి చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత అదే బురదలో చతికిలబడి, ఒక్క మెతుకు వదలకుండా తిన్నది. చుట్టూ ఆకలితో ఉన్నవాళ్లు చేతులు జోడించి "సాధు, సాధు, సాధు" అన్నారు. నెత్తిన నీడైనా లేని మనిషి, అప్పుడే చేతికందిన అన్నంతో మా అవ్వకు దాత అయింది. అంతటి సంపన్నురాలిని నేను మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం అవ్వ వాళ్లను ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు అన్నం వార్చగానే, "కోడలా, గరిటె తీసుకో, దారిలో ఎవురైనా వస్తుండారేమో చూద్దాం" అన్నది.

ఇప్పుడు ఆ ఉప్పు మడుల వైపు పోతే కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలే కనిపిస్తాయి. ఆ కుటుంబాల పిల్లలు రాష్ట్రం సరిహద్దు తడ దాటి ఎటెటో పోయారు. మా ఇంట్లో మేమంతా తిన్నాక మిగిలింది డబ్బాలో సర్ది పనమ్మాయి చేతిలో పెడుతున్నాం. పిన్నమ్మలాగా కింద కూర్చుని ఇద్దామంటే మోకాళ్లు వంగవు. వంగిన రోజుల్లో నాకు ఆ ఆలోచన రాలేదు.