చంద్రరావుగారి జపాన్ పరిశోధన

మా పక్కింటి పక్కింటి చంద్రరావుగారికి ఒకే ఒక్క జబ్బు. తిండి గురించి ఎవరు మంచి చెప్పినా, చెడు చెప్పినా, “ఎంతమంది మీద చేశారండి?” అని అడగకుండా ఉండలేరు. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరాయన “కాకరకాయ షుగర్‌కి మంచిదంటండి” అని మర్యాదకి అన్నా సరే, ముద్ద ఆపి మరీ అడిగేస్తారు. ఆ పెద్దమనిషి జవాబు వెతుక్కునేలోపు ఆయన విస్తట్లో పప్పు చల్లారిపోతుంది.

ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. ఆయన ముప్పై ఏళ్ళు పంటకోత ప్రయోగాలు చేశారు. అంటే చేలో ఓ చదరం కొలిచి, తాడు కట్టి, ఆ ముక్క మాత్రం కోయించి, నూర్చి, తూచి, ఆ తూకాన్ని బట్టి ఊరంతటి దిగుబడి లెక్క కట్టడం.

“ఓసారి బురదలో దిగలేక గట్టు పక్క మడి కోయించేశాను సూర్యకళా. నా చెప్పులు తడవలేదు గానీ, ముప్పై పండని ఊళ్ళో ఎకరానికి నలభై అయిదు బస్తాలు పండినట్టు తేలింది. మళ్ళీ వెళ్ళి సరిగ్గా కోయించాననుకో. అప్పట్నుంచి ఎక్కడ లెక్క కనపడినా, ముందు కోసినవాడి చెప్పులు చూడాలనిపిస్తుంది” అంటారు నాతో.

ఒకసారి మా వీధిలో పోషకాహారం మీద సభ పెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన హారతి అనే అమ్మాయి రంగురంగుల కంచం బొమ్మ గోడకి తగిలించింది.

“కంచంలో సగం కూరగాయలు, పావు వంతే అన్నం ఉండాలండి.”

“ఎవరి కంచంలోనమ్మా?” అని లేచారు చంద్రరావుగారు.

“అందరి కంచాల్లోనూనండి.”

“పొద్దుటినుంచీ చేలో వరినాట్లు ఊడ్చొచ్చిన ఈ లోవలక్ష్మి కంచమూ, ఫ్యాను కింద కూర్చున్న నా కంచమూ ఒకటేనా?”

హారతి కాగితాలు తిరగేసింది. “దీన్లో అలా రాయలేదండి.”

“రాయరమ్మా. నీ తప్పేం లేదు. మా ఆవిడ గోంగూర పప్పు చేసింది, తినేసి వెళ్ళు.”

ఆ పిల్ల పావు వంతు సంగతి మరిచిపోయి మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

ఇలాంటి మనిషి పక్కనే దేవుడు దీనమ్మ టీచర్‌గారికి ఇల్లిచ్చాడు. మా రెండిళ్ళకీ మధ్య ఇల్లు ఆవిడది. డెబ్బై నాలుగేళ్ళు. అచ్చులో ఉన్నదల్లా ఆవిడకి శాసనం. దానికి తోడు రెండు కళ్ళకీ శుక్లాలు. పేపర్లో హెడ్డింగు కనపడుతుంది, దాని కింద చిన్న అక్షరాలు కనపడవు. గుడ్డుతో గుండెకు ముప్పు అని చదివి గుడ్డు మానేశారు. పాలు పెద్దలకు పడవా అని పేపరువాళ్ళు అనుమానంగా అడిగినా, ఈవిడ అనుమానం లేకుండా మానేశారు. తర్వాత అన్నం, అరటిపండు, పెరుగు. చివరికి పొద్దున్న ఓట్స్ జావ, సాయంత్రం మళ్ళీ అదే జావ.

ఓ ఆదివారం చర్చిలో పాట మధ్యలో కూలబడిపోయారు. కాకినాడ డాక్టరు చూసి, రక్తం బాగా తగ్గిపోయింది, నెల రోజులు గుడ్డు, పప్పు, ఆకుకూర తిని బలం పుంజుకుంటేనే కంటి ఆపరేషన్ అన్నారు. కూతురు ఆశాజ్యోతి వారం సెలవు పెట్టి వచ్చి, బతిమాలి, ఏడ్చి వెళ్ళింది.

దీనమ్మగారు కదల్లేదు. “డాక్టరుగారు నోటితో అన్నారమ్మా. ఇది అచ్చులో ఉంది.”

ఆ మాట చెవిన పడగానే చంద్రరావుగారు పేపరు పట్టుకుని వెళ్ళారు. “ఈ గుడ్డు వార్త కింద చిన్న అక్షరాలు చదువుతాను, వినండి. ఎలకల మీద చేశారంటండి. నలభై ఎలకలు.”

“ఎలకకే ముప్పయితే నాకు కాదాండి? నేను ఎలకకన్నా పెద్దదాన్ని కదా.”

చంద్రరావుగారు పేపరు నాలుగు మడతలు పెట్టుకుని ఇంటికొచ్చేశారు.

మర్నాటి నుంచి రోజూ ఎనిమిదింటికి ఆవిడ ఇంటికొచ్చే పేపరు చదివి పెట్టడానికి వెళ్ళసాగారు. ఈయన వాదించి వాదించి ఆ కాస్త జావ కూడా మాన్పించేస్తారేమోనని నాకు భయం పట్టుకుంది. కరివేపాకు వంకతో వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

“జపాన్‌లో తేలిందంటండి. డెబ్బై దాటిన ఆడవాళ్ళు రోజూ ఓ కోడిగుడ్డూ, తోటకూర పప్పులో వేడన్నమూ తింటే నూరేళ్ళూ గట్టిగా ఉంటున్నారంట.”

“జపాన్‌లో తోటకూర పప్పు తింటారాండి?”

“ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారంటండి.”

“హెడ్డింగులో ఉందా?”

“హెడ్డింగే అండి. ఇవాళ ముద్రణ కాస్త మసగ్గా పడింది, మీకు కనపడదు.”

ఆయన వేలు పెట్టిన చోట గ్యాస్ పొయ్యి ప్రకటన ఉందని కిటికీలోంచి నాకు శుభ్రంగా కనపడుతోంది. దీనమ్మగారు గుడ్డు ఉడకబెట్టడానికి లేచారు.

గేటు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. “ఎంతమంది మీద చేశారండి?”

“ఒక్కావిడ మీదేనమ్మా. ఇంకా నడుస్తోంది” అని ఆవిడ కిటికీ వంక చూసి గొంతు తగ్గించారు. “అబద్ధం చెప్పడం ఇంత కష్టమని తెలీదు. తెల్లారకుండా లేచి రాసుకుంటున్నాను.”

జేబులోంచి చీటీ తీసి చూపించారు. బుధవారం నార్వే, పెరుగు. గురువారం బ్రెజిల్, అరటిపండు. నాకు నవ్వాగలేదు. ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

నెల తిరిగేసరికి దీనమ్మగారి బుగ్గలు నిండాయి, రక్తం సరిపోయింది. రెండు కళ్ళకీ ఆపరేషన్లు అయ్యాయి. ఇక చదువుకోవచ్చని డాక్టరు అద్దాలిచ్చిన రోజున చంద్రరావుగారికి జ్వరం వచ్చినంత పనైంది. “ఇప్పుడు పాత పేపర్లన్నీ తీస్తారమ్మా. మళ్ళీ జావే.”

నిజంగానే తీశారు. మేమిద్దరం వెళ్ళేసరికి పాత పేపర్ల కట్ట ముందేసుకుని చిన్న అక్షరాలు చదువుతున్నారు. చంద్రరావుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“రండి. అంతా వెతికానండి. జపాన్ లేదు, నార్వే లేదు. తోటకూర రోజున గ్యాస్ పొయ్యి ఉంది.”

“అదీ... ఆ వార్తలు మా ఇంటికొచ్చే పేపర్లో వస్తాయండి.”

“అలాగాండి.” దీనమ్మగారు అద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. “అయితే మంచిపనే చేశాను. మా పేపరు మానిపించేశాను. రేపట్నుంచి మీ పేపరే తెచ్చి చదవండి.”

“కళ్ళు బాగయ్యాయి కదండి. మీరే చదువుకోవచ్చు.”

“నేను చదివితే ఆకలి చచ్చిపోతోందండి. మీరు చదివితే వేస్తోంది.” ఆవిడ అద్దాలు పెట్టుకుని ఆయన వంక చూశారు. “ఆదివారం మా ఆశాజ్యోతి వస్తోంది. చేపల పులుసు మంచిదని ఈలోపు ఏదో ఒక దేశంలో తేల్చండి.”

“ఏ చేపండి?” అని అడిగారు చంద్రరావుగారు, పెన్ను తీస్తూ.