మెట్ల మీద పడ్డావని రాసిన అంకుల్

మిషిగన్‌లో మా తెలుగువాళ్లందరికీ ఎముకల డాక్టర్ ఒకాయనే, పిల్లలందరికీ అంకుల్. ఎవరింట్లో విందు జరిగినా, జాతీయగీతం పాడుతున్నంత భక్తిగా, "ఈ కంట్రీలో లా అంటే లా అండీ!" అనేవారు.

ఎనభైల్లో, నాకు పదిహేనేళ్లప్పుడు, మధ్య అమెరికా యుద్ధాలకు ప్రభుత్వం ఆయుధాలు పంపుతోందని స్కూల్ పిల్లలం ఒక ఫెడరల్ ఆఫీసు ముందు బైఠాయించాం. ఒక పోలీసు నా చేయి వెనక్కి మెలిపెట్టి లేపాడు. మణికట్టు విరిగింది. కేసేమీ పెట్టకుండా సాయంత్రానికి వదిలేశారు. నాన్న నన్ను తిన్నగా అంకుల్ క్లినిక్‌కి తీసుకెళ్లారు.

"ఎలా అయిందమ్మా?" అన్నారాయన కట్టు కడుతూ.

"పోలీస్ ట్విస్ట్ చేశాడు, అంకుల్."

"కాదు, మెట్ల మీద పడ్డావు. మీ నాన్న జాబ్ గురించి థింక్ చేశావా?" అంటూ రిపోర్ట్‌లో అలాగే రాసేశారు. నాన్న ఆయనకి థాంక్స్ చెప్పారు.

తర్వాత నేను ఆ పోలీసు మీద ఫిర్యాదు చేస్తే, విచారణాధికారి ఆ కాగితమే చూపించి నవ్వాడు. ఫిర్యాదు కొట్టేశారు.

అంకుల్ మాత్రం ప్రతి విందులోనూ నన్ను చూపించి, "ఈ పిల్ల రికార్డ్ పాడవకుండా నేనే సేవ్ చేశా" అని మురిసిపోయేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అందరి ముందే అన్నాను: "నామీద కేసే లేదు, అంకుల్. మీరు సేవ్ చేసింది ఆ పోలీసువాడి రికార్డ్."

ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికాను. ఆయన నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత చక్కగా అతికిందో చూశారా!" అన్నారు.