దర్వాజ రూపాయి

సిద్దిపేటలో బట్టల దుకాణం నడిపే వెంకటనర్సయ్య గిరాకీ ముఖం చూసి ఎరగడు. ఆయన చూపంతా గిరాకీ ఇచ్చిన రూపాయి మీదే. కొండపాక దుబ్బయ్య ధోతి కొనడానికి వస్తే, ధోతి పక్కన పడేసి భూతద్దంతో ఆ రూపాయినే తిప్పి తిప్పి చూసేవాడు.

"ఖోటాదా ఏంది సేటూ?" అని దుబ్బయ్య బిక్కమొహం వేస్తే, "నీకేం దెలుస్తది, ఊకో" అని గదమాయించేవాడు.

నిజాం సర్కారు వెండి రూపాయి మీద చార్మినార్, దాని దర్వాజ నడుమ నిజాం పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఉండేవి. ఆయన గద్దెనెక్కిన కొత్తలో కొట్టిన రూపాయల్లో కొన్నింటి మీద ఆ అక్షరం సగమే ఉంటుంది. అలాంటిదొకటి చేతికి చిక్కిన నాటి నుంచి వెంకటనర్సయ్య కాళ్లు నేల మీద నిలవలేదు. దానికి "దర్వాజ రూపాయి" అని పేరు పెట్టుకున్నాడు. ఉర్దూలో తన పేరు రాయడం రాదు గానీ, ఆ సగం అక్షరం మీద పూటంతా ఉపన్యాసమిచ్చేవాడు. సగం అక్షరానికి సరిజోడు దొరికిందని బజారు నవ్వుకునేది.

ఆయన గొప్పలు హైదరాబాదు దాకా పాకాయి. నాణేలు పోగేసే వకీలు రామేశ్వర్ స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. రూపాయి నిజమైతే పట్నంలోని తమ నాణేల జమాతులో ఆయన్నీ సభ్యుడిగా కలుపుకుంటానన్నాడు. వెంకటనర్సయ్యకు అంతకంటే ఏం కావాలి! సరిగ్గా వకీలు వస్తానన్న రోజే, పక్క జాగాలో కడుతున్న కొత్త ఇంటికి దర్వాజ ఎత్తే, అంటే ద్వారబంధం నిలబెట్టే, ముహూర్తం కూడా. గడప కింద నవధాన్యాలతో పాటు ఒక రూపాయి వేయడం ఆనవాయితీ.

పొద్దున్నే భార్య సుమిత్రమ్మను పిలిచాడు. "ఇగో, దర్వాజ రూపాయి దేవునర్రల పెట్టిన. పైలం. ఎవ్వలను ముట్టనియ్యకు."

అంతకు మించి చెప్పలేదు. పెళ్లయినప్పటి నుంచీ తన నాణేల సంగతి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. అది ఆడవాళ్ల బుర్రకెక్కే విద్య కాదని ఆయన నమ్మకం.

ముహూర్తం దగ్గరపడగానే వడ్రంగి పోశయ్య కేకేశాడు. "అమ్మా, దర్వాజ రూపాయి తెండ్రి!"

సుమిత్రమ్మ తెచ్చింది. పసుపు గుడ్డలో నవధాన్యాలతో కలిపి మూటకట్టి భర్త చేతిలో పెట్టింది. ఆయన కళ్లేమో వకీలు మోటారు కోసం సడక్ మీదే ఉన్నాయి. మూట వంకైనా చూడకుండా గుంటలో వేసి, దండం పెట్టాడు. పైన దర్వాజ నిలబడింది.

మధ్యాహ్నం మోటారు వచ్చింది. దేవుడి గదిలోకి ఉరికిన వెంకటనర్సయ్యకు ఖాళీ పళ్లెం కనబడింది. సంగతి తెలిసి గడ్డపార అందుకుంటే పోశయ్య అడ్డం పడ్డాడు.

"ఎత్తిన దర్వాజ దించుతరా సేటూ? ఇల్లు ఆగమైతది!"

గడ్డపార చేతి నుంచి జారింది. వెంకటనర్సయ్య వకీలు ముందు చేతులు జోడించాడు. "గీ గడప కిందనే ఉన్నది సాబ్. ఒట్టు!"

"అందరి రూపాయలు గడప కిందనే ఉంటయి లెండి" అని వకీలు నవ్వి మోటారెక్కాడు.

ఆ నవ్వుకు వెంకటనర్సయ్య గుండె నిజంగానే పగిలింది. జాలిపడదామంటే దుబ్బయ్య బిక్కమొహం గుర్తొచ్చి నాకైతే జాలి పుట్టదు. ఆయన మాత్రం మోటారు లేపిన దుమ్ము కూడా దులుపుకోకుండా భార్య మీదికి లేచాడు.

"నీకు బుద్ధున్నదా? పోయి పోయి గదే ఇస్తవా?"

సుమిత్రమ్మ కొత్త గడపకు పసుపు రాస్తూ తలెత్తలేదు.

"దర్వాజ రూపాయని నువ్వే అంటివి. ఎవ్వలను ముట్టనియ్యకని నువ్వే అంటివి. ఇగ ఎవ్వలు ముట్టరు. నువ్వు గూడ."