జీడిపిక్క ఎవరు ఒలవాలి

సింగపూర్‌లోని రాఫెల్స్ ప్లేస్‌లో ఒక అద్దాల మేడలో కూర్చుని, ఎక్కడో పండిన పంటకు మార్కులు వేయడం ఈమధ్య దాకా నా ఉద్యోగం. ఓడకు ఎక్కించే ముందు పంపిన జీడిపిక్కల శాంపిళ్లు కోసి, పప్పు నిండుగా ఉందా, మచ్చ పడిందా చూసి చెప్పాలి. ఆఫీసులో మిగతావాళ్లకు జీడిపప్పంటే ఉప్పు చల్లి డబ్బాలో వచ్చేది. చెట్టు మీద చూసినవాళ్లం ఇద్దరమే, నేనూ, మా బాసూ. ఇద్దరిదీ పలాస వైపే. కంపెనీ ఆయనదే. చేరిన రోజే నన్ను చెల్లెమ్మా అన్నాడు. సార్ అనకు, అన్నయ్యా అను అన్నాడు. నేను కరిగిపోయాను. పరాయి ఊళ్లో మన యాస వినబడితే చాలు, నాకు బుర్ర పనిచేయడం మానేస్తుంది.

మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి నన్ను చదివించింది. పిక్క పెంకులో ఉండే రసం తగిలితే చర్మం కాలిపోతుంది. చేతులకు ఎంత ఆముదం పట్టించుకున్నా వేళ్లు నల్లబడతాయి, గీతలు అరిగిపోతాయి. ఇప్పటికీ రేషన్ షాపులో మిషన్ మా అమ్మ వేలిముద్ర తీసుకోదు. బాస్ వాళ్ల అమ్మదీ అదే పనట. ఆ మాట చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు దొంగవి కావనే ఇప్పటికీ అనుకుంటాను. దొంగవైతే నాకింత మంట ఉండేది కాదు.

మేం పిక్కలు కొనేది పడమటి ఆఫ్రికాలోని ఒక చిన్న దేశం నుంచి. అక్కడ అమ్ముకోవడానికి జీడి తప్ప పెద్దగా ఏమీ లేదు. పెళ్లి చేయాలన్నా, పిల్లల్ని బడికి పంపాలన్నా పిక్క రాలాల్సిందే. చాలామంది పిక్కలిచ్చి బియ్యం తీసుకుంటారు. బస్తా బియ్యానికి ఎన్ని పిక్కలన్నది వ్యాపారి నోటికి ఎంతొస్తే అంత. ఆ పిక్కలు పెంకుతోనే ఓడెక్కి మన దేశానికో వియత్నాంకో పోతాయి. ఒలిస్తే వచ్చే లాభమంతా ఒలిచిన చోటే ఉండిపోతుంది. పండించినవాళ్లకు మిగిలేది వానాకాలం గడవడానికి ఆ బియ్యమే.

కాబట్టి అక్కడే ఒక చిన్న ఫ్యాక్టరీ పెడదామని బాస్ అన్నప్పుడు నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. మిషన్లు నన్నే ఎంచమన్నాడు, నన్నే అక్కడికి పంపాడు. రేకుల షెడ్డులో ఆ ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి పిక్కను ఆవిరి పట్టడం, పప్పు విరగకుండా ఒలవడం నేర్పాను. వాళ్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు, ఆఫీసు మనిషివి నీకింత ఒడుపు ఎక్కడిదని. వాళ్లకు పెద్దదిక్కు ఒకామె ఉండేది. భర్త పోయాక పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతోంది. పక్క దేశంలో కొన్నాళ్లు పనిచేసింది కనక ఆమెకు ఇంగ్లీషు వచ్చు. ఈ ఏడు పంట బియ్యం వ్యాపారులకు ఇవ్వొద్దు, ఈ సింగపూర్ కంపెనీకే ఇద్దాం, మిషన్లు వస్తున్నాయి, వచ్చే ఏటి నుంచి మనమే ఒలుచుకోవచ్చు అని ఆమె గడపగడపకూ తిరిగి చెప్పింది. ఊరు ఆమె మాట విని, కంపెనీ ఇచ్చిన తక్కువ రేటుకే పంటంతా మాకిచ్చేసింది. వ్యాపారులు మొహం మాడ్చుకుని పక్క ఊళ్లకు పోయారు.

పిక్కలు ఓడెక్కాక నేను తిరిగొచ్చాను. మిషన్లు ఎప్పుడు పంపుతున్నామని అడిగినప్పుడల్లా బాస్ దారిలో ఉన్నాయనేవాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం పాసిర్ రిస్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో భోజనాలు. నేను అన్నంలో చెయ్యి పెట్టానో లేదో, వాళ్లావిడ మురిసిపోతూ ఫోన్ తెచ్చి వీడియో చూపించింది. మీ అన్నయ్య మన ఊర్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టీసినాడు, సూడు అంది. కొబ్బరికాయలు కొడుతున్నారు. వెనక వరసగా మిషన్లు, పసుపు రాసి, బొట్లు పెట్టి. నేను ఏరికోరి ఎంచినవే. ఆ ఆడవాళ్ల చేతులకు ఎత్తు సరిపోయేలా పొట్టి కాళ్లు పెట్టించాను, ఆ కాళ్లు చూసే పోల్చుకున్నాను.

చెయ్యి కడుక్కుని బాల్కనీలో ఉన్న ఆయన దగ్గరికి వెళ్లి, ఏమిటిది అని అడిగాను. ఆయన తడబడనైనా లేదు.

"ఆళ్ళే ఒలిసీసుకుంటే మన ఊర్లో ఆడోళ్ళు ఏటి ఒలుత్తారు, చెల్లెమ్మా? మీ యమ్మలాంటోళ్ళ కోసమే సేసినాను. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు."

మరి వాళ్లకు మాటెందుకు ఇచ్చామని అడిగితే, మాట ఇవ్వకపోతే ఆ రేటుకి పంటెవరిస్తారన్నాడు. ఒళ్లంతా మండిపోయింది. నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ మా అమ్మను తెచ్చి అడ్డంపెట్టాడు, చెప్పులేసుకుని వచ్చేశాను. మోసం చేసినందుకు కాదు, ఆ మోసాన్ని మా అమ్మ నెత్తిన పెట్టినందుకు ఆయన్ని ఈ జన్మలో క్షమించను.

ఫ్లాట్ దిగి, స్టేషన్ దాకా కూడా ఆగలేక, బస్టాప్‌లో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఒకవేళ ఆయన అన్నదే నిజమా, మీ కూలికి గండి కొట్టే పని నేను చేశానా అని కూడా అడిగాను.

"కూలి పెంచమంటే మా ఓనరు ఏటనీవోడో తెలుసా? ఆఫ్రికావోళ్ళు మీకన్నా సవగ్గా ఒలుత్తారు, నోరు మూసుకోండి అనీవోడు. ఇప్పుడు ఆళ్ళ నోరు మూయడానికి మా పేరు ఎత్తుతున్నారా?"

ముందు ఆ ఆడమనిషికి చెప్పు, వానలు ముదరకముందే తిండి సంగతి చూసుకుంటాది అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను అక్కడి నుంచే ఆమెకు కలిపాను. మిషన్లు రావు, ఎప్పటికీ రావు అని చెప్పాను. ఎక్కడికి పోయాయో, ఎవరు పంపించారో అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. నీకు ముందే తెలుసా అని మాత్రం అడిగింది. ఒట్టు, నాకు తెలియదు అన్నాను. ఆమె వెనక ఎవరో పిల్లలు అరుచుకుంటున్నారు. వాళ్లను ఊరుకోమని, మెల్లగా అంది.

"రేపు నేనూ ఇంటింటికీ వెళ్లి ఇదే చెప్పాలి సిస్టర్, నాకు తెలియదని. నన్నెవరు నమ్ముతారు?"