మగ పూగుత్తుల మీది పురుగులు

మా చేను అశ్వారావుపేట దాటాక అడవి అంచున ఉంది. జొన్న, కంది, అలసంద కలిపి వేస్తాం. కంచె మీదికి చిక్కుడు పాకిస్తాం. గట్టుకు అవతల కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు పామాయిల్ తోట.

చిక్కుడు కొత్త పండుగ చేసేదాకా మా ఊళ్లో ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. మొదటి కాయలు సొంత చేనివే వేల్పుకు పెట్టాలి. నిరుడు పండుగ దగ్గరపడ్డాక, గాలి మావైపు వీస్తున్న పూట, ఆ పామాయిల్ రైతు తన తోటలో గడ్డిమందు కొట్టించాడు. ముందు చిక్కుడు మాడింది, తర్వాత అలసంద, ఆ తర్వాత గట్టు పక్క జొన్న. నాన్న అడగబోతే ఆయన నవ్వాడు.

“జనం పెరిగిపోతున్నారయ్యా. అందరికీ నూనె కావాలి. నీ నాలుగు చిక్కుడుకాయలతో ఎవరి కడుపు నిండుద్ది?”

అమ్మ పక్కింటి పాదు కాయలు అడిగి తెచ్చి వేల్పుకు పెట్టింది. ఆ రోజు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. అది నేను మరిచిపోలేదు.

నేను వ్యవసాయ డిప్లొమా చదివాను. పండుగ అయిన కొన్నాళ్లకు ఆయన నన్ను గట్టు మీద ఆపాడు. చేతిలో పామాయిల్ మగ పూగుత్తి, దాని నిండా చిన్న నల్ల పురుగులు.

“ఏరా డిప్లొమా, చూశావా? తోటంతా ఇవే. రేపే మందు కొట్టించేస్తా.”

అవి తెగులు పురుగులు కావు. మగ పూల పుప్పొడిని ఆడ పూలకు మోసేవి అవే. అవి చస్తే గెలలో కాయ కట్టదు. ఇది నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్న.

“మీకు తెల్వనిదేముంది సార్. కొట్టియ్యుండ్రి,” అన్నాను.

కొన్ని నెలలకు ఆయన గెలలు సగం తాలుగా దిగాయి. మిల్లు వాళ్లు తీసుకోలేదు. ఆయన మా వాకిట్లోకి వచ్చి కారణం అడిగాడు. పురుగు, పుప్పొడి, పువ్వు, గెల, అన్నీ వరుసగా, అమ్మకు వినబడేలా చెప్పాను.

“తెలిసీ చెప్పలేదట్రా!”

“అవ్. తెలిసే చెప్పలే.”

నాన్న కసిరాడు. “గట్లనా బిడ్డా మాట్లాడేది? పంట ఎవలిదైనా పంటనే. ఏం జెయ్యాల్నో చెప్పు.”

చెప్పాను. పూత మీద మందు ఆపాలి. పక్క తోటల నుంచి పురుగులున్న మగ పూగుత్తులు తెచ్చి చెట్ల మధ్య పెట్టాలి. మా గట్టు పక్కన గడ్డిమందు బంద్.

ఇప్పుడు గట్టు వెంట ఆయన కూలీలు కొడవళ్లతో గడ్డి కోస్తున్నారు. నాన్నకు అది చాలు. నాకు మాత్రం ఆ తోటలో ఇంకో కాపు తాలు పోతే చూడాలని ఉంది.