చిన్నాయన వేలు జారలేదు

ఆ రోజుల్లో నాకు రెండే గొప్పలు: తలమీది జుట్టు, కంప్యూటర్లో పెట్టుకున్న అడ్డదారులు. మొదటిది దానంతటదే పోయింది. రెండో దానివల్ల ఒక మనిషి పని పోయింది. ఎందుకు పోయిందో నేను ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే చిన్న ఆఫీసులో నేనూ, గ్రాఫు చిన్నాయనా పనిచేసేవాళ్లం. (చుట్టరికం లేదు. ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి నెమళ్లను పుట్టించేవాడని ఆ పేరు; అప్పటికి ఆయనా కంప్యూటర్లోనే గీస్తున్నాడు.) కంప్యూటర్ నల్లటి తెర మీద బారెడు ఆదేశాలు టైపు చేయలేక, ఒక్కోదానికి ఒక్కో అక్షరం పెట్టాను. ‘కె’ కొట్టి ఎంటర్ నొక్కితే డిజైన్లు ఫ్లాపీలోకి చేరతాయి. ఆర్డరు ముగిశాక ‘జె’ కొడితే కంప్యూటర్లోవీ, ఫ్లాపీలోవీ అన్నీ చెరిగిపోతాయి. “నిజంగా చెరపాలా?” అని యంత్రం అడిగే ప్రశ్నను కూడా విసుగొచ్చి తీసేశాను. చిరిగిన గ్రాఫును పారేయడానికైనా రెండుసార్లు అడిగే చిన్నాయనకు అది నచ్చలేదు. “అడగకుండా చెరిపేదేందబ్బా? దయ్యమా అది?” అన్నాడు. నవ్వాను.

ఒక పొద్దున నా వేళ్ల సుఖం కోసం ఆ రెండక్షరాలనూ తారుమారు చేశాను. ఒకరి వంటింట్లో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా మార్చిపెట్టినట్టు మార్చి, ఆయనకు చెప్పడం మరిచి, టీకి పోయాను. తిరిగొచ్చేసరికి నెలల తరబడి గీసిన హిందూపురం వాళ్ల పెళ్లి చీరల డిజైన్లు లేవు.

“ఏమప్పా, నెమళ్లు యాడికి పోయినాయి?” అన్నాడు ఆఫీసు నడిపే సావుకారు.

“కె కొట్టినట్టే ఉండాది... వేలు జారిందేమో,” అన్నాడు చిన్నాయన.

“ముసలి వేళ్లకు మిషనెందుకప్పా! రేపట్నుంచి రావాకు.”

నా నోట్లో ఇంకా సగం బన్ను ఉంది. దాన్ని నమలడమే అప్పుడు నేను చేసిన పని. సాయంత్రం అక్షరాలను పాత చోటికి మార్చేశాను. (అది మాత్రం మరిచిపోలేదు.)

పోయిన నెల పెనుకొండలో, కూతురింట ఉంటున్న ఆయన దగ్గరికి పోయి అంతా చెప్పాను. తన చూపుడు వేలిని చూసుకున్నాడు.

“అయితే జారలేదా?”

“జారలేదు చిన్నాయనా.”

“మనవరాలు టచ్ ఫోన్ కొనిచ్చింది. ఏం చెరిపేస్తానో అని ముట్టలేదబ్బా నేను.”

అలమరలో ఆ ఫోన్ పెట్టె విప్పకుండానే ఉంది. నవ్వబోయాను, రాలేదు. “తప్పు నాది. క్షమించు చిన్నాయనా,” అన్నాను. చిరిగిన కాగితానికే రెండుసార్లు అడిగే మనిషి కదా. నేనూ రెండోసారి అడిగాను.