మెలికల కంబం

మా అమ్మ ముప్పై ఏళ్ళు మాలు మోసింది. సిమెంటూ ఇసుకా నీళ్ళూ కలిపిన ముద్దను మా దగ్గర మాలు అంటారు. దాన్ని తట్టలో నింపుకొని, నెత్తిన చుట్టబట్ట పెట్టుకొని, మేస్త్రి నిలబడ్డ చోటికి అందించడం ఆమె పని. మర్రిగూడ దగ్గరి మా ఊళ్ళో వానలు పడితే పత్తి చేలల్లో కూలి, పడకపోతే నల్లగొండకు బస్సెక్కి ఈ పని. ఎన్ని ఇళ్ళ గోడలకు మాలు మోసిందో ఆమెకే గుర్తులేదు. తాపీ మాత్రం ఒక్కసారీ పట్టలేదు. తాపీ మగవాళ్ళది, తట్ట ఆడవాళ్ళది. ఎవరూ నోరు తెరిచి అనలేదు గాని, ఏ పనిలో చూసినా అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను, నా భర్త పానగల్ తోవలో చిన్న జాగా కొని ఇల్లు మొదలుపెట్టాం. నేను అప్పటికి బడిలో పంతులమ్మను. అమ్మ మా దగ్గరే ఉండేది. తాను ఏళ్ళ తరబడి ఎవరి చేతికింద పనిచేసిందో ఆ మేస్త్రినే పిలవమంది. ఆయన వచ్చి, అక్కా అని పలకరించి, ముగ్గు పోసి పునాది తీశాడు. తట్ట ఎత్తుకుంటానని అమ్మ పట్టుబట్టింది. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మోకాళ్ళవి, వంగేవి కావు. బతిమాలి ఒప్పించి గోడలకు నీళ్ళు పట్టే పని అప్పజెప్పాం. పైపు పట్టుకొని పొద్దంతా మేస్త్రి చేతుల వంకే చూసేది.

ఇల్లు పూర్తయ్యాక కొన్ని ఇటుకలూ రెండు బస్తాల సిమెంటూ మిగిలాయి. వెనకాల బట్టలు ఉతికే గద్దె కట్టిద్దామనుకున్నాం. అమ్మ వద్దంది.

"అవి నాకియ్యుండ్రి. ముంగట పూలచెట్ల నడుమ ఒక కంబం కడత."

ఏ బరువును ఆపడానికి ఆ కంబం అని నా భర్త అడిగాడు.

"దేన్నీ ఆపనీకి కాదు. సూడనీకి" అంది అమ్మ.

ఎప్పుడో పానగల్‌లో ఒక ప్రహరీ పనికి పోయినప్పుడు, మధ్యాహ్నం సద్ది తిని అక్కడి పాత గుడి స్తంభాలను చూస్తూ కూర్చునేదట. నిట్టనిలువుగా ఉన్న రాయి ఒకచోట సన్నబడి, ఒకచోట లావెక్కి, అంత అందంగా ఎట్లా వచ్చిందా అని. రాయి మనతో కాదు, ఇటుకతో ఎందుకు కాదు? వరస మీద వరసను కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోతే కంబం మెలికపడ్డ తాడులాగా లేస్తుంది కదా. ఇది ఆమె ఇరవై ఏళ్ళుగా మనసులో పెట్టుకున్న సంగతి. నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడిగినదాన్ని కాదు.

వేసవి సెలవులు. నా భర్త డ్యూటీకి పోగానే పని మొదలయ్యేది. మాలు కలపడం, అందించడం నా వంతు. మొదటి తట్ట చూసి అమ్మ నొసలు చిట్లించింది. పిల్లలకు సదువు చెప్పేటోళ్ళకు నీళ్ళు ఎన్ని పొయ్యాల్నో తెల్వదా అంది. అది అంబలిలా ఉంది మరి. రెండోది గట్టిపడింది. మూడోదాన్ని మేస్త్రి వదిలిపోయిన తాపీతో ఎత్తి చూసి, నేరుగా పరిచేసింది. ఆ కాసేపు నాకు ఉద్యోగం వచ్చిన రోజంత సంబరమైంది.

కింది వరసలు బకెట్ బోర్లించి దాని మీద కూర్చొని పేర్చింది. తరువాత నిలబడి. తాపీ ఆమె చేతిలో కొత్తగా లేదు, ఎప్పటినుంచో పట్టుకున్నట్టే ఉంది. ఇటుకను నీళ్ళలోంచి తీసి, మాలు పరిచి, ఇటుకను పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు. మరుసటి వరస వేలెడంత పక్కకు తిప్పి.

సాయంత్రానికి నడుమెత్తు లేచింది. అమ్మ గేటు దాకా పోయి ఒక కన్ను మూసి చూసింది. కంబం ఇంటివైపు ఒరిగింది. కొంచెమే. ఎవరికీ తెలియదులే అన్నాను.

"నాకు కనవడతాంది గద" అంది.

మాలు ఆరకముందే, కింది రెండు వరసలు తప్ప, ఒక్కో ఇటుకా ఊడదీసి, గీకి, తొట్టిలో వేసింది. నేను సాయం పోతే వద్దంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి తన పరంజా కట్టెల కోసం వచ్చాడు. మొండి కంబాన్నీ, మాలు అంటిన ఇటుకలనూ చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కకు జరిగింది. నవ్వుతాడేమోనని నేను భయపడ్డాను. ఆయన దాని చుట్టూ తిరిగి, మిగిలిన రెండు వరసలను వేలితో తడిమి చూసి అన్నాడు.

"మెలిక తిరిగేదానికి గుండు పనిజెయ్యదక్కా. నడుమ సలాక నిలవెట్టి, దాని నుంచి కొలుసుకోవాలె."

గుండు అంటే దారానికి వేలాడదీసే ఇనుప గుండు, గోడ నిటారుగా ఉందో లేదో దానితోనే చూస్తారు. ఆయన వెతికి ఒక ఇనుప సలాక తెచ్చి నడుమ పాతాడు. తరువాత నా చేతిలోని తట్ట తీసుకున్నాడు.

"నువ్వు జరుగు బిడ్డా. మాలు నేనిస్త."

అమ్మ తొట్టిలోంచి ఇటుక తీసింది. ఆయన వైపు చూడలేదు. ఇటుక సర్దుతూనే అంది.

"జర పలుచగ కలుపు మేస్త్రి. ఎండకు గుంజుకుంటాంది."

ఆయన సరేనని నీళ్ళు పోశాడు.

రెండు రోజుల్లో కంబం నా భుజం ఎత్తయింది. పైన మూడు వరసలు కొంచెం కొంచెం బయటికి జరిపి, పూవు విచ్చుకున్నట్టు చేసి, మట్టి మూకుడు కూర్చోబెట్టింది. గిలాబు చేస్తే నున్నగా ఉంటుందని మేస్త్రి అన్నాడు. పైన సిమెంటు పూత పూస్తే ఇటుకల మెలిక కనబడదని అమ్మ ఒప్పుకోలేదు. ఆయన తన తాపీని ఆమె దగ్గరే వదిలి పరంజా కట్టెలు ఎత్తుకొని పోయాడు.

మా వీధిలోని ఒక రిటైరైన నర్సు తన ఇంటి ముందు కూడా అలాంటిది కావాలంది. అమ్మ పోయి కట్టింది. ఇంకొకరు అడిగితే మూడోది మొదలుపెట్టింది గాని మోకాళ్ళు సహకరించలేదు. కుర్చీలో కూర్చొని, ఇంకో మేస్త్రికి చెబుతూ చేయించింది. ఆ తరువాత ఐదేళ్ళు బతికింది. చలికాలం పొద్దుల్లో కంబానికి వీపు ఆనించి ఎండ కాగేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ ఏం చేస్తుందని తోటివాళ్ళు అడిగితే, వ్యవసాయం అనేదాన్ని. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్ళు ఆ కంబం ఏ మేస్త్రి కట్టాడని అడుగుతారు. మా అమ్మ అంటాను. మీ అమ్మ మేస్త్రినా అంటారు. అవునంటాను.